ఇసుక పోత, రాతి గోడ, వెనక్కి జరగడం: శ్రీకాకుళం, విజయనగరం తీరంలో ఏది ఎక్కడ తగును

సముద్రం ఊరి మీదికి వస్తోందన్న మాట పుట్టగానే మన జిల్లాల్లో ముందుగా వినిపించే కోరిక రాతి గోడ. దానికి పోటీగా ఇప్పుడు మరో ప్రతిపాదన వస్తోంది. కోతపడిన ఒడ్డు మీద వేరే చోటి నుంచి తెచ్చిన ఇసుకను పోసి తీరాన్ని మళ్లీ వెడల్పు చేయడమే అది. ఇంజినీర్లు బీచ్ నరిష్‌మెంట్ అని పిలిచే ఈ పనిని ఇక్కడ ఇసుక పోత అందాం. మూడో దారి ఇళ్లనూ రోడ్లనూ వెనక్కి జరపడం. దాన్ని ఎవరూ మనస్ఫూర్తిగా కోరుకోరు కనుక కాగితాల్లో చివరి పేజీలోనే కనిపిస్తుంది.

ఈ మూడింటిలో ఏది మేలో తేల్చేటప్పుడు అధికారులైనా, ఊరి పెద్దలైనా సముద్రం వైపు తిరిగి నిలబడి ఆలోచిస్తారు. నా ఉద్దేశంలో ముందు చూడవలసింది వీపు వెనక ఉన్న నేలను. ఆ నేల మీద ఇప్పుడు ఏముంది, రాబోయే ఇరవై ముప్ఫై ఏళ్లలో అక్కడ ఏం రానిస్తామని ప్రణాళికలో రాసుకున్నాం అన్నది తేలకుండా ఇసుక పోతను మంచిదనీ చెడ్డదనీ అనలేం. ఎందుకంటే అది ఒకసారి చేసి చేతులు దులుపుకునే పని కాదు. పోసిన ఇసుకను సముద్రం కొంచెం కొంచెంగా తీసుకుపోతూనే ఉంటుంది, మనం కొన్నేళ్లకొకసారి మళ్లీ పోస్తూనే ఉండాలి. అంత ఖర్చుకు తగినది వెనక ఉందా లేదా అన్నదాన్ని బట్టే ఎంపిక ఉండాలి.

మన తీరం తీరు

ఇచ్ఛాపురం దగ్గరి బాహుదా మొగ (నది సముద్రంలో కలిసే చోటు) నుంచి రణస్థలం మండలం వరకు శ్రీకాకుళం జిల్లాకు సుమారు 193 కిలోమీటర్ల తీరం ఉంది. దాన్ని ఆనుకుని పూసపాటిరేగ, భోగాపురం మండలాల్లో విజయనగరం జిల్లాకు ఉన్నది సుమారు 28 కిలోమీటర్లే. బాహుదా, మహేంద్రతనయ, వంశధార, నాగావళి, చంపావతి నదులు ఈ తీరానికి ఇసుకను మోసుకొస్తాయి. ఆనకట్టల వెనక నిలిచిపోయిన ఇసుక, నదీగర్భంలోంచి లారీలకెక్కిన ఇసుక పోగా మిగిలినదే సముద్రానికి చేరుతుంది. అలా చేరిన ఇసుక కూడా ఒకచోట ఉండదు. ఇంచుమించు మార్చి నుంచి అక్టోబరు వరకు అలలు దాన్ని ఉత్తరానికి, నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు దక్షిణానికి జరుపుతాయి. సంవత్సరం మొత్తం మీద లెక్క వేస్తే జరిగేది ఉత్తరానికే. ఒడ్డుకు అడ్డంగా కట్టిన ఏ రాతి కట్టడానికైనా దక్షిణాన మేట, ఉత్తరాన కోత రావడానికి కారణం ఇదే.

చెన్నైలోని జాతీయ తీర పరిశోధన కేంద్రం 1990 నుంచి 2018 వరకు తీరరేఖను పరిశీలించి, దేశ ప్రధాన భూభాగపు తీరంలో 33.6 శాతం కోతకు గురవుతోందని, 26.9 శాతం మేట వేస్తోందని చెప్పింది. కోత ఎంత నిజమో మేట కూడా అంతే నిజమన్నమాట. మన ఊరి ఒడ్డు ఈ రెండింటిలో దేని కిందికి వస్తుందో తెలుసుకోకుండా ఏ పనికీ దిగకూడదు.

ఇంకో తేడా కూడా గమనించాలి. తుఫాను కోత వేరు, నిత్యపు కోత వేరు. 2018 అక్టోబరు 11న పలాస ప్రాంతంలో తీరం దాటిన తిత్లీ వంటి తుఫాను ఒక్క రాత్రిలో ఒడ్డును నిలువునా కోసేస్తుంది. అయితే ఆ ఇసుకలో చాలా భాగం ఎక్కువ దూరం పోకుండా నీళ్లలో తిన్నెగా నిలిచి, సముద్రం నెమ్మదించాక నెలల తరబడి మళ్లీ ఒడ్డుకు చేరుతుంది. తుఫాను తర్వాతి నెలలో తీసిన ఫోటోలు చూపించి ఇసుక పోతకు గానీ గోడకు గానీ నిధులు అడగడం తొందరపాటే. కనీసం ఒక ఏడాది కొలిచి చూడాలి. ఒడ్డు కోలుకోకపోతే అప్పుడది నిత్యపు కోత.

ముందు పటం తెరవాలి

తీర భూమికి మన దేశంలో అసలు ప్రణాళిక సీఆర్‌జెడ్ (తీర నియంత్రణ మండలం) నోటిఫికేషన్. మొదటిది 1991 ఫిబ్రవరి 19న, రెండోది 2011 జనవరి 6న, ప్రస్తుతపుది 2019 జనవరి 18న వచ్చాయి. దీని కింద ప్రతి రాష్ట్రం తీర నిర్వహణ ప్రణాళిక పటాలు తయారు చేయాలి. 1:25,000 స్కేలులో ఉండే పెద్ద పటం దిశ తెలుసుకోవడానికి సరిపోతుంది గానీ, మన ఊరి సర్వే నంబర్లు గుర్తుపట్టాలంటే గ్రామ పటాల స్కేలుకు దగ్గరగా ఉండే స్థానిక పటమే కావాలి. సమీక్షకు కూర్చున్నవారు ముందు అడగవలసిన కాగితం ఇదే.

ఆ పటంలో నాలుగు సంగతులు చూసుకోవాలి. పోటు రేఖ, అంటే పెద్ద పోటు వేళ నీరు చేరే హద్దు, ఎక్కడ గీశారన్నది మొదటిది. ఇసుక తిన్నెలు, తాబేళ్లు గుడ్లు పెట్టే చోట్లు, మడ అడవులు సున్నితమైన చోట్లకు కేటాయించిన సీఆర్‌జెడ్–1ఎ తరగతిలో చేరాయా అన్నది రెండోది. ఊరు గ్రామీణ ప్రాంతాలకు ఉద్దేశించిన మూడో తరగతిలో ఎ కిందికి వస్తుందా, బి కిందికి వస్తుందా అన్నది మూడోది. 2011 జనగణన ప్రకారం చదరపు కిలోమీటరుకు 2,161 మందికి మించి జనసాంద్రత ఉన్న గ్రామీణ ప్రాంతం 3ఎ అవుతుంది, అక్కడ పోటు రేఖ నుంచి 50 మీటర్ల వరకే నిర్మాణ నిషేధం. అంతకంటే పలచగా ఉంటే 3బి, అక్కడ నిషేధం 200 మీటర్లు. అయితే ఈ 50 మీటర్ల సడలింపు కొత్త నోటిఫికేషన్ ప్రకారం తయారైన ప్రణాళికకు ఆమోదం దొరికాకే అమల్లోకి వస్తుంది, అప్పటిదాకా 200 మీటర్లే. నాలుగోది ప్రమాద రేఖ, అంటే కోత, సముద్రపు ముంపు ఎందాకా రావచ్చో చూపే గీత. 2019 నోటిఫికేషన్ దాన్ని నిషేధానికి గీతగా వాడలేదు, విపత్తు నిర్వహణకు ఉపకరణంగా మాత్రమే ఉంచింది. చట్టం అడ్డుపెట్టలేదు కదా అని దాన్ని పక్కన పెట్టేస్తే సముద్రం పక్కన పెట్టదు గనుక, నేనైతే కట్టడం ఏదైనా ఆ గీతకు నేల వైపే ఉండాలంటాను.

దీనితోపాటు పట్టణాభివృద్ధి సంస్థ మాస్టర్ ప్లాన్ కూడా తెరవాలి. భోగాపురం వైపు విశాఖ మహానగర ప్రాంత అభివృద్ధి సంస్థ ప్రణాళిక, శ్రీకాకుళం వైపు అక్కడి పట్టణాభివృద్ధి సంస్థ ప్రణాళిక ఉంటాయి. ఈ రెండు రకాల పటాలను ఒకదాని మీద ఒకటి పెట్టి చూసినప్పుడు అసలు కథ బయటపడుతుంది. ఒక పటంలో నిర్మాణ నిషిద్ధమని ఉన్న సర్వే నంబరు పక్కనే రెండో పటంలో వినోద మండలం అనో రహదారి అనో రంగు కనిపిస్తే, ఇసుక పోత ప్రతిపాదనను మరింత జాగ్రత్తగా చదవాలి. భోగాపురం విమానాశ్రయం, విశాఖ నుంచి భోగాపురానికి తీరం వెంట రోడ్డు అన్న ఆలోచన వచ్చాక ఆ వైపు తీర భూమి ధర ఏ దిక్కుకు పోతోందో చెప్పనక్కర లేదు.

ఇక్కడే ఇసుక పోతకు ఒక ప్రమాదం ఉంది. ఒడ్డు ముప్ఫై మీటర్లు ముందుకు జరిగితే పోటు రేఖ కూడా ముందుకు జరిగిందని, అందువల్ల నిషిద్ధ మేర కూడా ముందుకు పోయిందని వాదించేవారు తప్పకుండా వస్తారు. పోసిన ఇసుక మీద ఆధారపడి కట్టిన రిసార్టును కాపాడటానికి మళ్లీ ఇసుక పోయాలి, మళ్లీ పోస్తారన్న ధీమాతో ఇంకో రిసార్టు వస్తుంది. అందుకని పని మొదలుకాకముందే ఒక షరతు రాతలో ఉండాలి. వెనక నేలకు దూరాలన్నీ పనికి ముందున్న పోటు రేఖ నుంచే కొలవాలి, పోత వల్ల ఏర్పడిన మేర ఎవరికీ పట్టా కాకూడదు, అది ఊరి ఉమ్మడి ఒడ్డుగానే ఉండాలి. ఈ షరతుకు ఒప్పుకోని ప్రతిపాదన పేరుకే తీర రక్షణ.

ప్రతిపాదనలో సుందరీకరణ అన్న మాట కనిపించినా ఆగి చదవాలి. బెంచీలు, కాంక్రీటు నడక దారి, పచ్చిక అన్నీ దానిలో దూరతాయి. గాలికి ఇంకా కదులుతూ పెరుగుతూ ఉండే ఇసుక తిన్నెలను చదును చేయడం నోటిఫికేషన్ నిషేధించిన పని.

ఇసుక పోత లెక్క

ఎంత ఇసుక కావాలన్న ప్రశ్నకు చాలామంది కంటికి కనిపించే ఒడ్డును మాత్రమే లెక్క వేస్తారు. ఒడ్డు ఒక మీటరు ముందుకు రావాలంటే దాని నీటి కింది వాలు కూడా ఒక మీటరు ముందుకు రావాలి. ఉదాహరణకు అలలు అడుగు ఇసుకను కదిలించే లోతు 6 మీటర్లు, ఒడ్డు గట్టు ఎత్తు 2 మీటర్లు అనుకుందాం. అప్పుడు తీరం పొడవున ప్రతి మీటరుకు, ప్రతి మీటరు వెడల్పుకు 8 ఘనపు మీటర్లు పడతాయి. ఒక కిలోమీటరు పొడవున 30 మీటర్ల వెడల్పు కావాలంటే 2,40,000 ఘనపు మీటర్లు. పది ఘనపు మీటర్ల టిప్పరుతో 24,000 ట్రిప్పులు. రోజుకు 200 ట్రిప్పులు తోలినా నాలుగు నెలలు. పల్లె రోడ్డు గతి ఏమవుతుందో అలా ఉంచి, అన్ని రోజులు మనకు అసలు దొరుకుతాయా?

జనవరి నుంచి మార్చి వరకు ఆలివ్ రిడ్లీ తాబేళ్లు మన ఇసుకలో గుడ్లు పెడతాయి, చివర పెట్టిన గుడ్లు పొదిగి పిల్లలు సముద్రంలోకి పోయేసరికి మే నెల వస్తుంది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు తూర్పు తీరంలో మర పడవల వేట నిషేధం. పడవలు ఒడ్డున ఉంటాయి గనుక పనికి వీలూ ఉంటుంది, వాటిని పక్కకు జరపాల్సిన ఇబ్బందీ ఉంటుంది. జూన్ నడిమి నుంచి సెప్టెంబరు వరకు సముద్రం అల్లకల్లోలంగా ఉంటుంది. అక్టోబరు, నవంబరు తుఫానుల కాలం. మిగిలేవి మే చివరి నుంచి జూన్ నడిమి దాకా ఉన్న మూడు వారాలు, డిసెంబరు నెల. కాబట్టి టిప్పర్లతో చేస్తామన్న పెద్ద ప్రతిపాదనను క్యాలెండరే కొట్టేస్తుంది. సముద్రంలోంచి డ్రెడ్జరుతో తీసి గొట్టాల ద్వారా ఒడ్డుకు పంపడం ఒక్కటే ఆ పరిమాణానికి సరిపడే పద్ధతి. డ్రెడ్జరును రప్పించడానికే పెద్ద ఖర్చవుతుంది గనుక చిన్న పనికి అది గిట్టదు.

చిన్న పని గిట్టకపోవడానికి ఇంకో కారణం కూడా ఉంది, నా దృష్టిలో ఇది అన్నింటికంటే ముఖ్యమైనది. పోసిన ఇసుక రెండు కొసల నుంచీ పక్క ఒడ్లకు పాకుతూ పలచబడుతుంది. తిన్నని తీరం మీద ఆ పోత నిలిచే కాలం దాని పొడవుకు వర్గంగా పెరుగుతుందన్నది తీర ఇంజినీరింగులో స్థిరపడిన సూత్రం. మిగతావన్నీ సమానమైతే పొడవు రెట్టింపు చేసినప్పుడు ఆయువు నాలుగు రెట్లవుతుంది. అర కిలోమీటరు పోత ఒక ఏడాదిలో చెదిరిపోయే చోట రెండు కిలోమీటర్ల పోత పదహారేళ్లు నిలవడానికి అవకాశం ఉంటుంది. పంచాయతీ ఒక్కటే తన ఒడ్డు కోసం చేయించుకునే ఇసుక పోత డబ్బును నీళ్లలో పోయడమే. నాలుగైదు పల్లెలు కలిసి, రెండు మొగల మధ్య ఉన్న తీరాన్నంతా ఒక్క ముక్కగా తీసుకుంటేనే లెక్క కుదురుతుంది. మన పాలనలో పంచాయతీ, మండలం, జిల్లా గీతలు నేల మీద ఉన్నాయి గానీ ఇసుక వాటిని ఎరగదు.

పోసిన మొదటి వర్షాకాలంలోనే కనిపించే ఒడ్డు బాగా కుంచించుకుపోతుంది. పోసినదంతా సముద్రం పాలైందని అప్పుడు గగ్గోలు పుడుతుంది. నిజానికి గట్టుగా పోసిన ఇసుక నీటి కిందికి జారి తన సహజమైన వాలును ఏర్పరచుకుంటుంది. ఈ కుంచింపు ఎంత ఉంటుందో ప్రతిపాదనలోనే చెప్పి ఉండాలి. చెప్పని ఇంజినీరు నిజాయితీ లేనివాడని అనను గానీ, ఊరివాళ్ల నమ్మకాన్ని పోగొట్టుకుంటాడు.

ఎలాంటి ఇసుక, ఎక్కడి ఇసుక

పోసే ఇసుక రేణువు మన ఒడ్డు రేణువుకు సమానంగానో కాస్త ముతకగానో ఉండాలి. సన్నటిదైతే అల పట్టుకుపోతుంది. దీన్ని చూడటానికి ప్రయోగశాల అక్కర లేదు. నీళ్ల సీసాలో మూడో వంతు ఆ ఇసుక పోసి, పైదాకా నీళ్లు నింపి, బాగా కుదిపి కింద పెట్టాలి. మంచి ఇసుక నిమిషంలోపే అడుగుకు దిగిపోయి పైన నీరు తేటపడుతుంది. పది నిమిషాలైనా నీరు టీ రంగులో ఉంటే అందులో బురద ఉందని అర్థం. ఓడరేవు కాలువ తవ్వినప్పుడు వచ్చేదానిలో ఇసుకా ఉంటుంది, బంకమట్టీ ఉంటుంది. మూలపేట వంటి కొత్త ఓడరేవు తవ్వకాల మట్టిని ఒడ్డుకు వేస్తామన్న మాట ఎప్పుడైనా వస్తే ఈ సీసా పరీక్ష గ్రామసభలోనే చేయించాలి.

మన ఒడ్డుకు ఇంకో ప్రత్యేకత ఉంది. కోతపడిన గట్టు పాదం దగ్గర వంగి చూస్తే తెల్ల ఇసుక మీద వేలెడు మందాన నల్లటి చార కనిపిస్తుంది. చేతిలోకి తీసుకుంటే అదే పరిమాణంలో ఉన్న తెల్ల ఇసుక కంటే బరువుగా ఉంటుంది. ఇల్మనైట్ వంటి భారీ ఖనిజాలవి, మధ్యలో గార్నెట్ ఎర్రగా మెరుస్తుంది. తేలిక రేణువులను అల తీసుకుపోగా మిగిలిన బరువు ఇది. నల్ల చార కొత్తగా మందమవుతోందంటే అక్కడ కోత నడుస్తోందనడానికి అదొక గుర్తు. ఈ ఇసుకలో మోనజైట్ కూడా ఉండే అవకాశం ఉంది. అది అణు ఖనిజాల జాబితాలోది. కనుక ఇసుకను ఒకచోట తవ్వి మరోచోట పోసే ముందు ఆ నియమాల కింద ఎవరి అనుమతి కావాలో రాతపూర్వకంగా తేల్చుకోవాలి. లేకపోతే తీర రక్షణ పేరుతో మొదలైన పని ఖనిజాల తగాదాగా ముగుస్తుంది. నల్ల ఇసుక ఎండకు ఎక్కువ వేడెక్కుతుంది. తాబేలు గుడ్డులో ఆడో మగో గూటి వేడిని బట్టే తేలుతుంది గనుక, పోసే ఇసుక రంగు కూడా అటవీ శాఖ చూడవలసిన విషయమే.

ఎక్కడి నుంచి తేకూడదో చెప్పడం తేలిక. తిన్నెల నుంచి తేకూడదు, అది తుఫానుకు అడ్డు నిలిచే గోడను కూల్చి వాకిట్లో పరచినట్టు. వంశధార, నాగావళి గర్భంలోంచీ తేకూడదు, ఎందుకంటే తీరానికి రావలసిన ఇసుక అదే. మొగ పూడినప్పుడు తీసిన ఇసుక కొంతవరకు పనికివస్తుంది గానీ, ఆ తిన్నె ఉత్తరపు ఊళ్లకు దారిలో ఉన్న సరుకు కూడా కావచ్చు. ఓడరేవు బ్రేక్‌వాటర్‌కు (అలలను ఆపే రాతి కట్టకు) దక్షిణాన పేరుకున్న ఇసుకను ఉత్తరానికి చేరవేయడమే అన్నిటికంటే న్యాయమైన మూలం. విశాఖలో ఓడరేవు ఇసుక బోనులోంచి (కదిలే ఇసుకను పట్టడానికి నీటి అడుగున తవ్విన గుంటలోంచి) తవ్వినదాన్ని రామకృష్ణా బీచికి పంపడం ఎన్నో ఏళ్లుగా నడుస్తున్న పద్ధతి. అన్నేళ్ల తర్వాత కూడా అక్కడ కోత మాట ఆగలేదు. కట్టడం ఉన్నంతకాలం ఈ చేరవేత ఉండాల్సిందేనని దానివల్ల తెలుస్తుంది. సంతబొమ్మాళి మండలంలో మూలపేట ఓడరేవుకు ఉత్తరాన ఉన్న ఊళ్లు అడగవలసింది గోడ గురించి కాదు. ఓడరేవు నిర్వహణ ఖర్చులో భాగంగా ఏటా ఎంత ఇసుకను తమ వైపు దాటిస్తారో ఒప్పందంలో రాయమని అడగాలి.

రాతి గోడ ఎవరికి మేలు

గోడ వెనకున్న నేలను కాపాడుతుంది, గోడ ముందున్న ఒడ్డును కాపాడదు. అల గోడకు కొట్టి తిరిగి పోతూ కాళ్ల దగ్గర ఇసుకను తోడుకుపోతుంది. గోడ ముగిసే కొస దాటాక కోత పక్క ఊరికి మళ్లుతుంది. మన తీరంలో ఇది మామూలు నష్టం కాదు. జిల్లా పొడవునా చాలా ఊళ్లలో జెట్టీ లేదు. ఫైబరు పడవైనా, తెప్పైనా అల మీద స్వారీ చేసి ఇసుకలోకి దూసుకొచ్చి ఆగవలసిందే. పదిమంది భుజం పట్టి, తాడు కట్టి, పైకి లాగవలసిందే. వలలు పరిచేది, చేపలు ఎండేసేది, ఆడవాళ్లు బేరం చేసేది ఆ ఇసుక మీదే. అక్కడ రాళ్లు పోస్తే ఊరు నిలుస్తుంది గానీ వృత్తి పోతుంది. వేట సౌకర్యాలు లేకనే ఇప్పటికే మనవాళ్లు గుజరాత్‌లోని వెరావల్ దాకా వలసపోతున్నారు.

సంచుల్లో ఇసుక నింపి కట్టే జియోట్యూబుల గోడ మధ్యే మార్గంలా కనిపిస్తుంది. ఒడిశాలోని పెంఠలో 505 మీటర్ల పొడవున అలాంటిది 2016లో పూర్తయింది. కాకినాడ దగ్గరి ఉప్పాడలో కట్టినది తర్వాతి ఏళ్లలో దెబ్బతిన్న సంగతి ఆ దారిన పోయేవారందరికీ కనిపించేదే. పడవ అడుగు తగిలినా, లంగరు గుచ్చుకున్నా గుడ్డ చిరుగుతుంది. ఒక్క చిరుగు పడితే లోపలి ఇసుక కారిపోతుంది. పడవలు లాగే చోట దీన్ని నేను సిఫారసు చేయను.

గ్రోయిన్ల గురించి, అంటే ఒడ్డు నుంచి సముద్రంలోకి అడ్డంగా కట్టే రాతి కట్టల గురించి, ఎక్కువ చెప్పనక్కర లేదు. ఇసుక ఉత్తరానికి జరిగే తీరంలో అవి ఉత్తరపు ఊరి ఇసుకను ఆపి దక్షిణపు ఊరికి ఇస్తాయి, అంతే. నీటిలో మునిగి ఉండే కృత్రిమ దిబ్బ వేరే సంగతి. పుదుచ్చేరిలో 1980లలో కట్టిన ఓడరేవు కట్టల వల్ల పోయిన బీచిని, 2018లో నీటి కింద ఉక్కు దిబ్బ వేసి, ఇసుక కూడా పోసి కొంత తిరిగి తెచ్చారు. అయితే అది కేంద్రపాలిత ప్రాంతపు రాజధాని నడిబొడ్డు, దాని వెనక సచివాలయం ఉంది. అంత విలువైనది వెనక ఉన్న చోటు మన రెండు జిల్లాల తీరంలో నాకు కనిపించదు.

వెనక్కి జరగడం

ఇది ఓటమి అనుకునేవారే ఎక్కువ. ఊరు జరగాలంటే మొదట ఎక్కడికో తెలియాలి, దానికి భూమి కావాలి, అది పడవకు నడిచిపోయేంత దూరంలో ఉండాలి. 2011 నోటిఫికేషన్ మూడో తరగతి ప్రాంతంలో పోటు రేఖ నుంచి 100, 200 మీటర్ల మధ్య మత్స్యకారుల ఇళ్లకు షరతులతో వీలు కల్పించింది. తీరానికి రెండు మూడు కిలోమీటర్ల అవతల కాలనీ కడితే ఆ ఇళ్లకు తాళాలు వేసి మళ్లీ ఒడ్డుకే వచ్చి గుడిసె వేసుకుంటారు. చీకటితో సముద్రం రంగు చూసి వేటకు పోవాలో మానాలో తేల్చుకునేవాడికి ఆ దూరం పనికిరాదు. అందుకని ఇళ్లు జరిగినా పడవల రేవు, వలల పాక, చేపల ఎండుడు మేర ఒడ్డునే ఉండేలా, ఆ సర్వే నంబర్లు ఉమ్మడి వాడకానికి నమోదయ్యేలా చూడాలి. ఇవి లేని పునరావాసం ఖాళీ చేయించడమే, ఆ ఖాళీలోకి ఎవరు వస్తారో ఊహించడం కష్టం కాదు.

డబ్బు విషయంలో ఒక మాట. 15వ ఆర్థిక సంఘం 2021–26 కాలానికి కోత నివారణ పనులకు జాతీయ విపత్తు ఉపశమన నిధిలో 1,500 కోట్లు, కోత వల్ల నిరాశ్రయులైన వారి పునరావాసానికి జాతీయ విపత్తు స్పందన నిధిలో 1,000 కోట్లు వేరుగా సిఫారసు చేసింది. అంటే వెనక్కి జరగడానికి కూడా ప్రభుత్వ ఖర్చు పద్దు ఉండవచ్చునని దేశ స్థాయిలో ఒప్పుకున్నారు. గోడకు తప్ప నిధులు రావన్న మాటను అలాగే నమ్మకూడదు.

ఏ చోటికి ఏది

ఉద్దానం వైపు కవిటి, సోంపేట మండలాల్లో తిన్నె వెనక కొబ్బరి, జీడిమామిడి తోటలే ఎక్కువగా ఉన్న చోట ఖరీదైన పని ఏదీ అక్కర లేదు. తిన్నెను తవ్వకుండా, దాని మీద బాలబండ తీగ, మొగలి పొదలు ఉండనివ్వడం చాలు. తిన్నె సముద్రం వైపు ముఖాన సరుగుడు నాటడం మనకు అలవాటు గానీ, తీగ జాతులు ఇసుకను పట్టి తిన్నెను పెంచినట్టు ఒడ్డు అంచున నాటిన సరుగుడు పెంచదు, కోత వచ్చినప్పుడు వేళ్లతో సహా పడిపోతుంది. దాన్ని తిన్నె వెనక నాటుకోవాలి. తోట అంచు పది మీటర్లు పోయినా ఆ నష్టం ఇసుక పోత ఖర్చులో చిన్న భాగమే.

కళింగపట్నం, బారువ, కోనాడ వంటి మొగల దగ్గర గోడా వద్దు, పోతా వద్దు. మొగ తన చోటు మార్చుకుంటూ ఉంటుంది, వరదకొక దారి, వేసవికొక దారి. అక్కడ మాస్టర్ ప్లానే మందు. మొగకు రెండు వైపులా గత ముప్ఫై నలభై ఏళ్లలో అది తిరిగిన మేరంతా శాశ్వత నిర్మాణం లేకుండా వదిలేయాలి. పర్యాటక వసతి కావాలంటే విప్పి జరపగలిగేదే ఉండాలి.

చింతపల్లి, ముక్కాం వంటి తెరిచిన ఒడ్డు మీది మత్స్యకార పల్లెల విషయమే కష్టమైనది. నిత్యపు కోత కొలతల్లో తేలి, వెనక ఇళ్లు దట్టంగా ఉండి, జరగడానికి దగ్గరలో భూమి లేకపోతే ఇసుక పోత అక్కడ గోడ కంటే మేలు. అయితే పొరుగు పల్లెలతో కలిపి పొడవుగా చేయాలి, మళ్లీ పోయడానికి నిధి ముందే పక్కన పెట్టాలి, పోటు రేఖ షరతు ఉండాలి. ఈ మూడింటిలో ఒక్కటి లేకపోయినా నేను ముందు వరుస ఇళ్లను మాత్రం వెనక్కి జరిపి, ఒడ్డును అలాగే వదిలేయమంటాను. ఇక జాతీయ రహదారి, విద్యుత్ ఉపకేంద్రం వంటివి అల అంచుకు వచ్చి, జరపడానికి వ్యవధి లేనప్పుడు గోడ తప్పదు. అక్కడ కూడా గోడ ఉత్తరపు కొస దగ్గర ఏటా ఇసుక పోయాలన్న నిబంధన పెట్టవచ్చు.

అనుమతి దారి కూడా ఎంపికలో భాగమే. పోటుపాటుల మధ్య మేర, సముద్రం రెండూ పనిలో ఉంటాయి గనుక ఇసుక పోత సాధారణంగా సీఆర్‌జెడ్ ఒకటో, నాలుగో తరగతులను తాకుతుంది. రాష్ట్ర తీర మండల నిర్వహణ ప్రాధికార సంస్థ సిఫారసు చేస్తే కేంద్ర పర్యావరణ శాఖ అనుమతి ఇవ్వాలి. పూర్తిగా మూడో తరగతిలోనే జరిగే పనికి అనుమతి రాష్ట్ర స్థాయిలోనే తేలుతుంది.

వీటన్నిటికీ ముందు ఊరి దగ్గర సొంత కొలత ఉండాలి. దానికి రెండు కర్రలు, ఒక తాడు చాలు. ఒక్కోటి ఒకటిన్నర మీటర్ల కర్రలు తీసుకుని, పై నుంచి కిందికి రెండు సెంటీమీటర్లకొక గీత పెట్టాలి. గంగమ్మ గుడి అరుగో, దీపస్తంభమో కదలని గుర్తుగా పెట్టుకుని మొదటి కర్ర అక్కడ నిలబెట్టాలి. రెండోది తాడు పొడవంత దూరంలో సముద్రం వైపు నిలబెట్టాలి. వెనక నిలబడినవాడు ముందు కర్ర తలను సముద్రపు అంచు గీతతో కలిపి చూస్తే, ఆ చూపు తన కర్రను ఏ గీత దగ్గర తాకుతుందో పై నుంచి ఆ గీత దాకా ఉన్న కొలతే ఆ రెండు చోట్ల మధ్య పల్లం. అలా కర్రలు మార్చుకుంటూ నీటి అంచు దాకా పోయి పుస్తకంలో రాసుకోవాలి. నెలకొకసారి, అదే అమావాస్య పాటు వేళ, అదే గుర్తు నుంచి కొలవాలి. ఈ జనవరిని ఆగస్టుతో పోల్చకూడదు, వచ్చే జనవరితోనే పోల్చాలి. రెండేళ్ల కొలతలున్న ఆ నోటుపుస్తకం చేతపట్టుకుని ప్రజాభిప్రాయ సేకరణకు వెళ్లిన ఊరిని, మీ ఒడ్డు ఎంత పోయిందో మేమే చెబుతామని కన్సల్టెంటు తేలిగ్గా తోసిపుచ్చలేడు.